బల్ల లేని చోట డెస్క్ ఆర్గనైజర్: పర్లాకిమిడి షెడ్డు నుంచి ఒక కేసు

ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడిలో మాదో చిన్న షెడ్డు, పారేసిన ప్లాస్టిక్ కరిగించి వస్తువులు చేస్తాం. ఈ పని మా షెడ్డుకి తెచ్చినావిడకి అసలు బల్లే లేదు. గుమ్మ వైపు కొండ ఊళ్లలో బ్యాంక్ మిత్రగా తిరుగుతుంది. ఒక్కో రోజు ఒక్కో ఊరు. ఎవరి అరుగు మీదో, బోరింగు గట్టు మీదో కూర్చుని పింఛన్లు, ఉపాధి కూలి డబ్బులు, సంఘం పొదుపులు చూస్తుంది. నాకు వరసకి అప్ప అవుతుంది. ఓ మధ్యాహ్నం గుడ్డ సంచి, పాత బిస్కెట్ డబ్బా తెచ్చి మా గడప దగ్గర బోర్లించి, "చూడు తమ్ముడూ, ఇదంతా పరుసుకోడానికి పావుగంట, ఎత్తుకోడానికి పావుగంట. మద్దిలో పనెప్పుడు సేసేది?" అంది.

ఆ కుప్పలో వేలిముద్రల మిషను, అరచేతంత రసీదు ప్రింటరు, రెండు ఫోన్లు, ఛార్జరు, స్టాంపు ప్యాడు, రబ్బరు ముద్ర, కార్బను పేపరు పెట్టిన రసీదు పుస్తకం, ఆధార్ జిరాక్సుల కట్ట, గుండు సూదులు, పెన్నులు, చిల్లర మూట, ఒక తడిగుడ్డ ఉన్నాయి. తడిగుడ్డ ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు. అడగలేదు కూడా. అక్కడే నా మొదటి తప్పు జరిగింది.

డెస్క్ ఆర్గనైజర్ అనే మాట ఆవిడ ఒక్కసారీ వాడలేదు. మా ఆర్డర్ల పుస్తకంలో ఇప్పటికీ "అప్ప డబ్బా" అనే ఉంది. పట్నంలో ఆఫీసు బల్లల మీద పెట్టే వస్తువు, బల్ల లేనివాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఎలా మారిందో, మారడానికి ముందు ఎన్ని పలకలు పాడయ్యాయో రాసిపెట్టుకుందామని ఇది.

నా గురించి రెండు ముక్కలు. ఐటీఐలో ఫిట్టర్ చదివాను. కొన్నేళ్లు తాగునీటి పథకాల నల్ల పైపులు వెల్డింగ్ చేశాను. ఆ పైపులు హెచ్‌డీపీఈ అనే రకం ప్లాస్టిక్‌వి. రెండు పైపుల అంచుల్ని వేడి ప్లేటుకి ఆనించి, కరిగాక ప్లేటు తీసేసి ఒకదానికొకటి నొక్కిపడితే అతుకు పైపంత గట్టిగా ఉంటుంది. ఆ విద్య ఒక్కటే ఈ షెడ్డుకి పెట్టుబడి. మిగతాది సెకండ్ హ్యాండు బేకరీ ఓవెను, రెండు ఇనుప ప్లేట్లు, లారీ జాకీ. ఓవెనులో ప్లాస్టిక్ ముక్కలు కరిగించి పలకలు తీయడమనే ఆలోచన నాది కాదు. డేవ్ హాకెన్స్ అనే డచ్ డిజైనరు 2013లో మొదలుపెట్టిన ప్రెషస్ ప్లాస్టిక్ అనే పనిలో మిషన్ల బొమ్మలన్నీ ఎవరైనా చేసుకోండని బయట పెట్టారు. వాటిని చూసే మొదలుపెట్టాను. ఒకసారి ప్లాస్టిక్ కరిగించిన ఓవెనులో మళ్లీ తిండి వండకూడదు. అందుకే మా ఇంట్లోవాళ్లు దాన్ని షెడ్డు గడప దాటి రానివ్వరు.

మొదటి డబ్బా

నాకు తెలిసిన ఆర్గనైజరు ఆఫీసుది. పెన్నులకి నిలువు గొట్టాలు, ఫోనుకి వాలు గూడు, పిన్నులకి చిన్న గిన్నె. దానికే పిడి పెడితే ఎత్తుకెళ్లొచ్చు కదా అనుకున్నాను. పొడవు 34 సెంటీమీటర్లు, వెడల్పు 24, ఎత్తు 12, పలక మందం 6 మిల్లీమీటర్లు. ప్రతి వస్తువుకీ కొలిచి, దాని ఒంటికి సరిపోయే గూడు కట్టాను. సీసా మూతల నీలం, ఎరుపు, తెలుపు కలిసి పలక మీద గవ్వల చారల్లా వచ్చాయి. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. ఫొటోలు కూడా తీశాను.

మూడు వారాల్లో తిరిగొచ్చింది.

ఖాళీ డబ్బానే దాదాపు 1.9 కిలోలు తూగింది. ఆ లెక్క తయారుచేయక ముందే కాగితం మీద వేసుకోవచ్చు. పలకల వైశాల్యాన్ని మందంతో గుణించి, ఘన సెంటీమీటరుకి 0.95 గ్రాములు వేస్తే చాలు. వెయ్యలేదు. ఇక ఆ మూడు వారాల్లోనే బ్యాంకు వాళ్లు వేలిముద్రల మిషను మార్చారు. కొత్తది పాతదాని కంటే వెడల్పు. దాని గూడు ఇక దేనికీ పనికిరాలేదు. నిలువు గూట్లో పెట్టిన స్టాంపు ప్యాడు నుంచి ఊదా సిరా కారి అడుగునంతా పాకింది. వీటన్నిటి కంటే నాకు సిగ్గనిపించింది మధ్య అడ్డుపలక. నిలువునా చీలిపోయింది. విరిగినట్టు కాదు, పొరలుగా విడిపోయింది. గోరు పెట్టి లాగితే ఉల్లిపొర లేచినట్టు లేచింది.

"ప్లాస్టిక్కు సెద పడతాదేటి?" అంది అప్ప.

చీలిక ఎందుకొచ్చింది

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. ఈ పని మొదలుపెట్టేవాళ్లంతా ఈ గోతిలోనే పడతారు.

ప్లాస్టిక్ వస్తువు అడుగున, అది ఏ రకం ప్లాస్టిక్కో చెప్పే అంకె ఒకటి త్రికోణంలో ఉంటుంది. 1988లో అమెరికా ప్లాస్టిక్ పరిశ్రమ వాళ్లు మొదలుపెట్టిన పద్ధతి అది. 1 పెట్, 2 హెచ్‌డీపీఈ, 3 పీవీసీ, 4 ఎల్‌డీపీఈ, 5 పీపీ, 6 పాలీస్టైరీన్, 7 మిగతావన్నీ. మాకు కావాల్సింది 2. షాంపూ సీసాలు, ఫినాయిలు డబ్బాలు, నూనె క్యాన్లు చాలావరకు అవే. నీళ్ల తొట్టిలో వేస్తే హెచ్‌డీపీఈ తేలుతుంది. పెట్, పీవీసీ, థర్మోకోల్ కాని గట్టి పాలీస్టైరీన్ మునుగుతాయి. ఈ తొట్టి పరీక్ష తప్పనిసరి. పీవీసీ ముక్క ఒక్కటి ఓవెనులోకి పోయినా హైడ్రోక్లోరిక్ యాసిడ్ పొగ వస్తుంది. ముక్కు, గొంతు మండిపోతాయి, ఇనుప ప్లేట్లు తుప్పు పడతాయి.

నేను తొట్టిలో తేలినవన్నీ ఒకటే అనుకున్నాను. కానీ పీపీ కూడా తేలుతుంది. తుక్కు కొట్టు నుంచి గోనె సంచుల్లో తెచ్చిన సీసా మూతల్లో కొన్ని హెచ్‌డీపీఈ, కొన్ని పీపీ. చాలా మూతల మీద అంకె ఉండదు, ఉన్నా కనపడదు. హెచ్‌డీపీఈ దాదాపు 130 డిగ్రీలకి కరుగుతుంది, పీపీకి 160 దాటాలి. ఓవెను వేడి పెంచితే రెండూ కరుగుతాయి, కానీ కలవవు. నూనె, నీళ్లు ఒక గిన్నెలో పోసినట్టే. చల్లారాక పైకి ఒక్క పలకలాగే కనిపిస్తుంది. లోపల దేని దారి దానిదే. నేను మురిసిపోయిన ఆ గవ్వ చారల్లో కొన్ని చీలిక గీతలే.

విడదీయడానికి ఇప్పుడు మేం చేసే పని ఇది. ఆస్పత్రుల్లో వాడే సర్జికల్ స్పిరిట్‌లో నీళ్లు కలుపుతాం. పాళ్లు కొలిచి కాదు. అంకె 2 ఉన్న ముక్క ఒకటి, అంకె 5 ఉన్న ముక్క ఒకటి పక్కన పెట్టుకుని, నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ వెళ్తాం. 2 మునిగి 5 తేలే చోట ఆపుతాం. హెచ్‌డీపీఈ సాంద్రత 0.95 దగ్గర, పీపీది 0.90 దగ్గర. ఆ సన్నటి సందులో ద్రవం నిలబడాలి. మూతలు కత్తిరించి, తుడిచి, గాలి బుడగలు అంటుకోకుండా వేయాలి. ఒక బుడగ చాలు, మునగాల్సింది తేలుతుంది. ఇదంతా ఓవెనుకి దూరంగా, ఆరుబయట. స్పిరిట్ ఆవిరికి నిప్పు అంటుకుంటుంది. అన్ని మూతలకీ ఈ స్నానం చేయించలేం కాబట్టి, కంపెనీ వారీగా, రంగు వారీగా కుప్పలు పోసి, కుప్పకి నాలుగైదు మూతలు పరీక్షిస్తాం. చెయ్యి తిరిగాక గోరు కూడా చెబుతుంది. హెచ్‌డీపీఈ మీద గోరుతో గీస్తే మైనం మీద గీసినట్టు జారుతుంది. పీపీ కాస్త గట్టిగా, నున్నగా ఉంటుంది.

నా పాత పని నుంచి మిగిలిన నల్ల పైపు ముక్కలు కూడా కలిపి చూశాను. అదీ హెచ్‌డీపీఈయే అయినా పైపు కోసం చేసిన రకం బద్ధకంగా కరుగుతుంది. మూతలు మెత్తబడి సాగుతుంటే అది ఇంకా ముద్దగానే ఉంటుంది. ఇప్పుడు పైపు ముక్కల పలకలు వేరే తీస్తున్నాం.

కొమ్ము పని చేసే పెద్దాయన

మా ఊరికి కొమ్ము బొమ్మల పేరు ఉంది కదా. గేదె, ఆవు కొమ్ములతో కొంగలు, దువ్వెనలు, చేతికర్రలు చేస్తారు. మా వీధి చివర అలాంటి ఇల్లు ఒకటి ఉంది. రెండో విడత పలకలు చీలలేదు కానీ వంకరపోయాయి. చల్లారగానే నాలుగు మూలలూ అప్పడంలా పైకి లేచేవి. ఆ ఇంటి పెద్దాయన ఓ సాయంత్రం షెడ్డు ముందు నుంచి వెళ్తూ ఆగి, ఒక పలక చేతిలోకి తీసుకుని వెలుగుకి ఎదురుగా పట్టి చూశాడు.

"ఎన్నాళ్లయింది బాబూ తీసి?"

"పొద్దున్నే తీశాను తాతా. వేడి తగ్గింది కదా అని."

"సెయ్యి కాలకపోతే వేడి తగ్గినట్టేనా? మద్దిలో ఉంటాది. కొమ్ము కాసి బల్లపరుపు సేసినాక రాత్రంతా బిగింపు ఇప్పం. ఇప్పితే అది పుట్టిన వంకరకే పోతాది."

కొమ్ముకి పుట్టు వంకర ఉంటుంది. ప్లాస్టిక్‌కి ఉండదు. కానీ చేసిన తప్పు ఒకటే. హెచ్‌డీపీఈ చల్లారేటప్పుడు చాలా కుంచించుకుపోతుంది. మా 600 మిల్లీమీటర్ల చట్రంలో పోసిన పలక చల్లారాక 585 దగ్గర నిలుస్తుంది. పైన త్వరగా, లోపల ఆలస్యంగా చల్లారితే ఒక వైపు ఇంకో వైపుని లాగుతుంది. ఇప్పుడు ఓవెను నుంచి తీసిన ప్లేట్లని జాకీ కింద పెట్టి, ముడుచుకునేకొద్దీ మధ్యమధ్యలో బిగిస్తూ, మర్నాటి పొద్దున్నే విప్పుతాం. రోజుకి ఒక్క పలకే వస్తుంది. ఎవరైనా వచ్చి రోజుకి యాభై డబ్బాలు ఇవ్వగలవా అంటే నేను తలూపకపోవడానికి కారణం అదే.

అయినా మందంలో తేడా పోలేదు. 4 మిల్లీమీటర్లు అనుకున్న పలక ఒక మూల 3.7, ఇంకో మూల 4.4. ఫ్యాక్టరీ పలకకి ఇలా ఉండదు. ఒక నెల రోజులు ఆ తేడా తీసేద్దామని చిత్రిక పట్టాను, ఆకురాయి పెట్టాను. నేలంతా ప్లాస్టిక్ రజను. వాన వస్తే ఆ రజను కాలవలోంచి మహేంద్రతనయ ఏట్లోకి పోతుంది. చెత్త ఏరి తెచ్చి, దాన్ని ఇంకా చిన్న చెత్త చేసి ఏట్లో కలపడానికా నేను షెడ్డు పెట్టింది? అప్పుడు ఆపాను. కొలతకి నిలవని వస్తువుతో పని చేస్తున్నాను కాబట్టి కొలత అడగని డబ్బా గీయాలి. ఈ మాట ఇప్పుడు రాస్తుంటే తేలిగ్గా ఉంది. అది తట్టడానికి అరడజను పలకలు పోయాయి. మిగిలిన కోతల రజనుకి కింద గుడ్డ పరిచి, పోగైంది మళ్లీ ఓవెనుకే పంపుతున్నాం. కడుగు నీళ్లు కూడా గుడ్డలో వడకట్టే వదులుతున్నాం.

ఒక రోజు అప్ప వెంట

రెండో డబ్బా గీసే ముందు ఒక రోజు ఆవిడతో బస్సెక్కి వెళ్లాను. చేసి ఉండాల్సిన మొదటి పని అదే.

చింతచెట్టు కింద గట్టు మీద కూర్చుంది. ఒక ముసలమ్మ వచ్చింది, సవర ఆవిడ. మిషను మీద వేలు పెడితే పడలేదు. రెండో వేలు పెట్టినా పడలేదు. పోడు పని చేసి చేసి గీతలు అరిగిపోయాయి. అప్ప తడిగుడ్డ తీసి ఆవిడ వేలు తుడిచి, కాసేపు తన చేతిలో పట్టుకుని, మళ్లీ పెట్టించింది. పడింది. తడిగుడ్డ సంగతి నాకు అప్పుడు తెలిసింది. ఆ గుడ్డ అంతవరకూ జిరాక్సుల పక్కనే ఉంది, కాగితాల అంచులన్నీ ఉబ్బిపోయాయి.

ఆ రోజు నేను వస్తువుల్ని చూడటం మానేసి చెయ్యి చూశాను. మనిషి రాగానే ఎడమ చెయ్యి మిషను మీదికి పోతుంది. కుడి చెయ్యి ఫోను మీదికి, తరవాత తడిగుడ్డకి, తరవాత ప్రింటరుకి. ఆపైన రసీదు పుస్తకం, పెన్ను, ముద్ర. చివరికి చిల్లర. ప్రతి మనిషికీ ఇదే వరస. మొదటి డబ్బాలో నేను వస్తువు సైజుని బట్టి గూళ్లు కట్టాను కాబట్టి ప్రతిసారీ ఆవిడ చేతులు ఒకదాన్నొకటి దాటుకోవాల్సి వచ్చింది. పిన్నులు రోజు మొత్తంలో రెండుసార్లు వాడింది. వాటికి నేను నట్టనడుమ గిన్నె కట్టాను!

ఇంకొకటి. రాయడానికి ఆవిడకి ఆధారం లేదు. రసీదు పుస్తకం మోకాలి మీద పెట్టి, కార్బను కింది కాగితం దాకా అచ్చు పడాలని పెన్ను గట్టిగా నొక్కి రాస్తోంది. పుస్తకం కుంగుతోంది. ఆవిడకి ముందు కావాల్సింది బల్ల, గూళ్లు కాదు.

రెండో డబ్బా

లోపలి కొలత ఏ4 కాగితం పడుకునేంత, అంటే 31 సెంటీమీటర్లు, 22.5. ఎత్తు 7 మాత్రమే. పలక 4 మిల్లీమీటర్లు. మూత ఊడి వచ్చేస్తుంది, దాన్ని ఒళ్లో పెట్టుకుంటే రాతబల్ల. అందుకే మూత ఒక్కటీ 5 మిల్లీమీటర్లు, ఉన్నవాటిలో బల్లపరుపుగా వచ్చిన పలక ఏరి దానికి వాడతాం. హెచ్‌డీపీఈ మీద కాగితం జారిపోతుంది కాబట్టి మూత అంచున పాత సైకిల్ ట్యూబు పట్టీ సాగదీసి తొడిగాం. కాగితం దాని కింద దూర్చాలి. మొత్తం కిలో మీద కొంచెం తూగుతుంది.

మూతకి మడత బందు పెట్టాలని చాలా ప్రయత్నించాను. పీపీ డబ్బాల మూతలు వాటంతటవే మడతపడతాయి కదా, అలా పలకలోనే సన్నటి గాడి తీసి మడిచాను. ఓవెను పలకకి అది కుదరదు, కొన్నాళ్లకే గాడి వెంట తెగింది. విసుగొచ్చి ఊడదీసే మూత చేస్తే, అదే రాతబల్ల అయింది.

గోడలు నాలుగూ పైపుల్లాగే వేడి ప్లేటుతో అతికాం. హెచ్‌డీపీఈని మామూలు జిగురేదీ పట్టదు. సూపర్ గ్లూతో అతికితే ఆరాక పెచ్చులా ఊడొస్తుంది. లోపలి అడ్డుపలకలు మాత్రం అతకలేదు. పొడవు గోడలకి లోపల దువ్వెన పళ్లలా గాళ్లున్న పట్టీలు పెట్టాం. అడ్డుపలక ఏ గాడిలోనైనా దిగుతుంది. బ్యాంకు మిషను మళ్లీ మార్చినా అడ్డుపలక ఒక గాడి జరుపుకుంటే సరి. గాడి పలక కంటే ఒక మిల్లీమీటరు వెడల్పు. మరి వదులుగా ఊగదా? ఊగుతుంది. అడ్డుపలక చివర్లకి సైకిల్ ట్యూబు ముక్క తొడిగితే 3.7 అయినా 4.4 అయినా రబ్బరు నలిగి బిగిసిపోతుంది. నెల రోజుల చిత్రిక పని రెండు రూపాయల ట్యూబు ముక్కతో తీరింది.

తడిగుడ్డకి మిషను పక్కనే ఒక గూడు ఇచ్చాం, ఇది ఒక్కటే నాలుగు వైపులా అతికిన గూడు. ఇక్కడ ప్లాస్టిక్ నిజంగా సరైన వస్తువు. నీళ్లు తాగదు, చెక్కలా ఉబ్బదు, రేకులా తుప్పు పట్టదు. రీసైకిల్ చేసింది కాబట్టి కొనండి అని చెప్పడం కంటే, ఈ గూడు చూపించడం నాకు ఇష్టం. స్టాంపు ప్యాడు పడుకునే ఉంటుంది. సిరా కారినా తుడిస్తే పోయేలా దాని కింద నల్ల పైపు పలక వేశాం.

గూళ్ల మీద పేర్లు రాద్దామా అనే చర్చ ఒకటి నడిచింది. ఏ లిపిలో రాయాలి? అప్పకి తెలుగు, సాయం చేసే పిల్లకి ఒడియా. సవరకి 1936లో మంగేయి గొమాంగో చేసిన సొరాంగ్ సోంపెంగ్ లిపి ఉంది. గిడుగు రామమూర్తి పంతులు గారు సవర భాష మీద కూర్చుని పని చేసిన ఊరు ఇది, తేలిగ్గా తీసుకునే విషయం కాదు. చివరికి ఏమీ రాయలేదు. అడ్డుపలకల పైఅంచున ఒకటి, రెండు, మూడు గాట్లు పెట్టాం. చూడకుండానే వేలికి తెలుస్తుంది.

ఎలా నడిచింది, ఏం మిగిలింది

పరుచుకోవడం, ఎత్తుకోవడం అనేవి దాదాపు పోయాయి. మూత తీస్తే కొట్టు తెరిచినట్టే, పెడితే మూసినట్టే. అప్ప మెచ్చుకోదు. వారం తరవాత ఫోన్ చేసి, "ఇంకోటి సెయ్యి, మా ఆడపడుసు కూతురుకి. దానికి ఎరుపొద్దు" అని పెట్టేసింది. ఇప్పటికి పద్నాలుగు చేశాం. ఎక్కువ కొండ వైపు బ్యాంక్ మిత్రలకి, సంఘాల లెక్కలు రాసేవాళ్లకి. రెండు అవతల పాతపట్నం వెళ్లాయి. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు గీసిన సరిహద్దు గీతకి ఆ పక్కన, ఆంధ్రలో ఉన్నా, మాకు అది సైకిల్ మీద వెళ్లొచ్చే ఊరే. అక్కడి ట్యూషన్ మాస్టారు మాత్రం తనది తిరిగిచ్చేశారు. ఆయనకి ఇంట్లో మంచి బల్ల ఉంది, దాని మీద ఈ డబ్బా అడ్డంగా ఉందట. న్యాయమే.

లెక్కల్లో ఇంకా ఇబ్బంది ఉంది. ప్లాస్టిక్ ఖర్చు పెద్దది కాదు, కరెంటూ కాదు. ఏరడం, కడగడం, అంకెలు చూడటం, కుప్పలు పోయడం. డబ్బాకి పట్టే పనిలో సగం పైన అదే. చెత్తతో చేశావు, ఇంత ధరేంటి అని అడిగేవాళ్లకి నేను ఇప్పుడు మాటలు చెప్పడం లేదు, ఒక గోనె మూతలు ముందు పోసి ఏరమంటున్నాను. ఇద్దరు నిజంగానే కూర్చుని ఏరారు. ఒకాయన అడిగిన ధరకే కొన్నాడు, ఇంకొకాయన టీ తాగి వెళ్లిపోయాడు.

ఫినాయిలు డబ్బాల వాసన వేడినీళ్లు, బట్టల సోడాతో రెండుసార్లు కడిగినా పూర్తిగా పోదు. వాటిని ఇప్పుడు ఆర్గనైజర్లకి వాడటం లేదు, గుమ్మం ముందు పెట్టే పీటలకి వాడుతున్నాం. మోసే పట్టీ ఇంకా తేలలేదు. సైకిల్ ట్యూబుతో చేసింది ఎండకి బీటలు వారింది, నైలాను తాడు భుజం కోస్తోంది. పోయిన వారం అప్ప తన డబ్బా తెచ్చింది, స్కూటీ మీద నుంచి పడి ఒక మూల అతుకు విడింది. నా వెల్డింగే, ఆ రోజు ప్లేటు వేడి చాలలేదు. మూల కోసి, కొత్త ముక్క అతికి ఇచ్చాను. నీలం డబ్బాకి ఇప్పుడు ఒక మూల పసుపు. వెళ్తూ వెళ్తూ గొడుగు దూర్చడానికి పక్కన ఒక కొక్కెం పెట్టమంది. వచ్చే పలకలో చూడాలి.